మీ గల్లీ నీళ్లు, ప్రభుత్వ లెక్కలు: ఓపెన్ డేటాతో పని చేయించుకోవడం ఎలా

వర్షాకాలం మొదలైతే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకటే సీన్. మోకాలి లోతు నీళ్ల ఫొటోలు, తోసుకుంటూ వెళ్తున్న బైకుల వీడియోలు, "ఎవరైనా కంప్లైంట్ పెట్టండి" అని ఒక మెసేజ్, దాని కింద పది దండాల బొమ్మలు. రెండు రోజులకు ఎండ వస్తుంది, గ్రూపు మళ్లీ గుడ్ మార్నింగ్‌లకి దిగుతుంది. కొన్నేళ్లు ఇలా గడిచాక నాకు అర్థమైంది ఏంటంటే, ఫొటోలు పట్టుకెళ్తే "చూస్తాం లెండి" అని పంపించేస్తారు, లెక్క పట్టుకెళ్తే కనీసం కుర్చీ చూపిస్తారు. ఆ లెక్క ఎక్కడ దొరుకుతుంది, ఎలా వాడాలి, ఎక్కడ బోల్తా పడతాం అన్నది ఇక్కడ రాస్తున్నాను. నాకు తెలిసింది హైదరాబాద్ కాబట్టి ఆ ఉదాహరణే చెబుతాను. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉంటే వెబ్‌సైట్ల పేర్లు మారతాయి, తిప్పలు మాత్రం అవే.

ప్రభుత్వం దగ్గరున్న లెక్కల్ని జనం వాడుకునేలా బయట పెట్టాలన్న కేంద్ర విధానం 2012లో వచ్చింది, తెలంగాణ సొంత ఓపెన్ డేటా విధానం 2016లో. రాష్ట్ర పోర్టల్‌లో మండలాల వారీ వాన, ఉష్ణోగ్రత, భూగర్భజల మట్టం, కరెంటు వాడకం, బండ్ల రిజిస్ట్రేషన్లు ఇలా చాలా ఫైళ్లున్నాయి, పైసా కట్టక్కర్లేదు. అందరూ చేసే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. కనబడిన ఫైలల్లా దించుకుని, రంగురంగుల గ్రాఫులు గీసి, గ్రూపులో పెట్టి, లైకులు లెక్కపెట్టుకుంటారు. నేనూ చేశాను. దాంతో ఒక్క మోరీ కూడా శుభ్రపడలేదు.

ముందు ప్రశ్న కావాలి, అదీ మీ గల్లీ సైజులో. "మా ఏరియాలో నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయి" అంటే ఏ ఫైలూ జవాబు చెప్పదు. "ఎంత వాన పడితే మా మూడో గల్లీ మునుగుతోంది, పోయినేడాదికీ ఈ ఏడాదికీ అది తగ్గిందా పెరిగిందా" అని అడిగితే రెండు కాలమ్‌ల పట్టిక చాలు. 60 మిల్లీమీటర్లు పడితే మునిగే గల్లీ ఇప్పుడు అంతే సేపట్లో పడిన 30కే మునుగుతోందంటే వాన పెరగలేదు, నీళ్లు పోయే దారి మూసుకుపోయింది. ఈ ఒక్క మాట రుజువు చేయగలిగితే మీ పని సగం అయినట్టే, ఎందుకంటే "భారీ వర్షం పడితే ఏం చేస్తామండీ" అనే జవాబుకి ఇక చోటుండదు.

వాన లెక్క దించుకునేటప్పుడు

రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, అందులో మీకు దగ్గరున్నది ఏదో ముందు చూసుకోండి. హైదరాబాద్‌లో ఒక చోట కుండపోత, రెండు కిలోమీటర్ల అవతల పొడి రోడ్డు మామూలే, కాబట్టి నగరం మొత్తం సగటు మీకు పనికిరాదు. మండలం లెక్కా పూర్తిగా సరిపోదు. వానని రెవెన్యూ మండలాల వారీగా రాస్తారు, నాలా పనులు మున్సిపల్ సర్కిళ్లు, వార్డుల వారీగా నడుస్తాయి, ఈ రెండు హద్దులూ ఒకదానిమీద ఒకటి కూర్చోవు. వార్డు మ్యాపులు డేటామీట్ అనే స్వచ్ఛంద బృందం ఆన్‌లైన్లో పెట్టినవి దొరుకుతాయి, కానీ పాత ఫైళ్లు 150 వార్డుల నాటివి. హద్దులు మారుతూనే ఉంటాయి కాబట్టి వాడే ముందు మీ ఇల్లు ఏ వార్డులో పడుతోందో ఒకసారి చూసుకోండి. ఇంకో చిరాకు, పేర్లు. శేరిలింగంపల్లి అన్న పేరుని ఇంగ్లీషులో ఒక ఫైల్‌లో ఒకలాగ, పక్క ఫైల్‌లో ఇంకోలాగ రాస్తారు, రెండూ కలపబోతే కంప్యూటర్ అవి వేర్వేరు ఊళ్లనుకుంటుంది. కూర్చుని చేత్తో సరిచేసుకోవడమే.

ఇక నా పరువు తీసిన సంగతి. మొదటిసారి పట్టిక వేసుకుని, ఫలానా తేదీన గల్లీ మునిగింది అని ఫొటోలతో సహా పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్లాను. అక్కడి ఇంజినీరు తన కంప్యూటర్లో చూసి, "ఆ రోజు మీ దగ్గర వానే లేదు కదండీ, చుక్క లేదు" అన్నాడు. నా ఫొటో మీద తేదీ ఉంది, ఆయన తెరమీద సున్నా ఉంది. నోట మాట రాలేదు. "అది కాదు సార్, మా ఇంటి ముందే..." అని నసిగి వచ్చేశాను. ఇంటికొచ్చి తల గోక్కుంటే తెలిసింది, వాన లెక్కలో రోజు అర్ధరాత్రి మారదు. ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర వరకు ఒక రోజు. మన దగ్గర వాన ఎక్కువగా సాయంత్రం దంచుతుంది, అది మర్నాటి ఉదయంతో ముగిసే లెక్కలో పడుతుంది. 2020 అక్టోబర్ 13 సాయంత్రం నుంచి నగరాన్ని ముంచిన వాన ఉందే, బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్లు, ఆ అంకె 14వ తేదీ ఉదయం ఎనిమిదిన్నరతో ముగిసిన 24 గంటలది. కాబట్టి ఫైల్ తెరవగానే మొదట చూడాల్సింది, ఆ తేదీ రోజు మొదలైనదా ముగిసినదా అని.

దీనికి తోడు ఎక్సెల్ చేసే మాయ ఒకటుంది. 05-07 అని ఉంటే మనకు జూలై 5, దానికి మే 7. పన్నెండు లోపు తేదీలన్నీ నెలలు మార్చుకుని కూర్చుంటాయి, పదమూడు నుంచి తేదీలు కాకుండా మామూలు అక్షరాలైపోతాయి. మే నెలలో మీ మండలంలో విచిత్రంగా కుండపోతలు కనబడితే రుతుపవనాల్ని అనుమానించకండి. ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరవకుండా, ఎక్సెల్ లోపలికెళ్లి డేటా మెనూ నుంచి తెచ్చుకుని, తేదీ కాలమ్‌కి రోజు-నెల-ఏడాది అని మీరే చెప్పండి. తెలుగు అక్షరాలు పిచ్చిగీతల్లా వస్తే అక్కడే యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోతుంది.

ఫైల్‌లో లేనిది మీరే కొలవాలి

ప్రభుత్వం దగ్గర వాన లెక్క ఉంది, మీ గల్లీ లోతు లెక్క లేదు. అది మీ దగ్గరే పుట్టాలి. మేం చేసింది ఇది. నీళ్లు ఎక్కువ నిలిచే చోట ఒక అపార్ట్‌మెంట్ ప్రహరీ గోడ మీద, ఓనర్లని అడిగి, రోడ్డు మట్టం నుంచి పది సెంటీమీటర్లకొక ఎర్రగీత పెయింట్‌తో వేయించాం. కరెంటు స్తంభం మీద వేయొద్దు, ఆ నీళ్లలో స్తంభం దగ్గరికెళ్లి చదవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. వాన పడ్డప్పుడు ఎదురింటి వాచ్‌మన్ యాదన్న (పేరు మార్చాను) గేటు దగ్గర్నుంచే చూసి "మూడో గీత, ఏడు ఇరవై" అని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతాడు. నీళ్లు దిగిపోయాక ఇంకోటి. ఇంజినీరింగ్ చదివిన మా అందరికంటే ఆయన రీడింగులే ఒక్కటి తప్పకుండా వచ్చాయి. ఈ రెండు మెసేజ్‌ల మధ్య సమయమే, అంటే నీళ్లు ఎంతసేపు నిలిచాయన్నదే, మా పట్టికలో అన్నిటికంటే గట్టి సాక్ష్యం అయింది.

వానని కూడా కొలుచుకోవచ్చు. అంచులు నిటారుగా ఉన్న గాజు సీసా లేదా డబ్బా, పక్కన స్కేలు, అంతే. అడుగు సమంగా ఉండాలి, పైకీ కిందకీ వెడల్పు మారకూడదు. అందులో నీళ్లు 20 మిల్లీమీటర్లు నిలిస్తే వాన 20 మిల్లీమీటర్లే. చెట్టు కిందా గోడ పక్కనా కాకుండా డాబా మధ్యలో పెట్టండి. దగ్గర్లోని కేంద్రం లెక్కకీ మీ డబ్బా లెక్కకీ కాస్త తేడా ఉంటుంది. ప్రతిసారీ రెట్టింపు తేడా వస్తుంటే మాత్రం ఆ కేంద్రం మీకు దూరమై ఉండొచ్చు.

మిల్లీమీటర్లంటే మామూలు జనానికి ఎక్కదు, లీటర్లు చెప్పండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు. పదెకరాల కాలనీ, అంటే దాదాపు 40 వేల చదరపు మీటర్ల మీద 50 మిల్లీమీటర్లు పడితే 20 లక్షల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు వందలు. "నాలుగు వందల ట్యాంకర్ల నీళ్లు గంటలో ఆ ఒక్క పైపులోంచి పోవాలి సార్" అని మీటింగ్‌లో అంటే, అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నవాళ్లు తలెత్తారు.

ఆ తర్వాత మ్యాపు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో చెరువుల వారీగా ఎఫ్‌టీఎల్ హద్దుల, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే మేర, మ్యాపులున్నాయి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా ఖాళీ జాగా, వదలాలి. మీ కాలనీ పైన ఏ చెరువుంది, దాని అలుగు ఎటు తిరిగి ఉంది, అలుగు నీళ్లు కింది చెరువుకి ఏ దారిలో పోయేవి, ఇవి చూస్తే గల్లీ ఎందుకు మునుగుతోందో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. పాత నగరం వైపు ఉండేవాళ్లకి ఇంకో వరం ఉంది. 1908 మూసీ వరద తర్వాత లియోనార్డ్ మన్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో వేసిన సర్వే పటాల్లో అప్పటి బావులు, కుంటలు, కాలువలు కూడా కనిపిస్తాయి. వాటి డిజిటల్ కాపీలు ఆన్‌లైన్లో దొరుకుతాయి, ఒక్కసారి తెరిస్తే సాయంత్రం గడిచిపోతుంది, జాగ్రత్త.

ఆఫీసు గుమ్మం ఎక్కేటప్పుడు

పోర్టల్‌లో దొరకనివి ఆర్టీఐతో అడగండి. 2005 చట్టం సెక్షన్ 4 ప్రకారం చాలా సమాచారం ఎవరూ అడగకుండానే బయట పెట్టాలి. పెట్టకపోతే పది రూపాయల ఫీజుతో దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. "నాలా ఎందుకు శుభ్రం చేయలేదు" అని అడిగితే అది సమాచారం కాదని కొట్టేస్తారు. "ఫలానా కల్వర్టు నుంచి ఫలానా కల్వర్టు వరకు గత రెండేళ్లలో జరిగిన పూడికతీత పనుల వర్క్ ఆర్డర్లు, ఎం బుక్ నకళ్లు ఇవ్వండి" అని కాగితాలే అడగండి. ఎం బుక్ అంటే జరిగిన పనిని కొలిచి రాసే మెజర్‌మెంట్ బుక్. కంప్యూటర్లో ఫైల్‌గా ఉంటే ఫైల్‌గానే ఇమ్మని రాయండి, లేకపోతే వంకరగా స్కాన్ చేసిన పేజీలొస్తాయి, వాటిని మళ్లీ టైపు చేసుకుంటూ మీ ఆదివారం పోతుంది. ఎం బుక్‌లో పూడిక తీసినట్టు రాసిన తేదీలు దొరికితే మీ గోడ గీతల పక్కన పెట్టి చూడండి. పూడిక తీసిన వారానికే అదే వానకు అదే మూడో గీత వస్తే, ఇక మీరు ఎవర్నీ తిట్టక్కర్లేదు, ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే చాలు.

పట్టుకెళ్లేది ఒకే పేజీ. పైన గల్లీ మ్యాపు, మధ్యలో పట్టిక, కింద ఒకే ఒక్క కోరిక. మా పట్టికలో వరసలు పదకొండే. కోరిక కూడా "సమస్య పరిష్కరించగలరు" కాదు, "ఈ కల్వర్టు నోరు జూన్ మొదటివారం లోపు తెరిపించండి". సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇస్తే రసీదు నంబరు తీసుకోండి, ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకి) విడిగా ఇంకో కాపీ. పదహారు పేజీల రిపోర్టు ఇచ్చినప్పుడు ఎవరూ తెరవలేదు, నాకు తెలుసు, ఆ ఫైల్ మీద టీ కప్పు మరక నేనే చూశాను.

కాలనీ లోపలి గొడవకి కూడా సిద్ధంగా ఉండండి. మునిగే చోట్లు మ్యాపులో పెడితే "ఫ్లాట్ల రేట్లు పడిపోతాయి, తీసెయ్" అని ఓనర్లు మీద పడతారు. మేం రాజీకొచ్చింది ఏంటంటే, ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు, మనుషులు కనబడే ఫొటోలు బయట పెట్టం, గల్లీ వరకే చూపిస్తాం. అది ఓనర్ల కోసమే కాదు, అలా చేయడమే పద్ధతి కూడా.

ఇంకోటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మా కాలనీకి దిగువన ఒక బస్తీ ఉంది. మా నీళ్లు త్వరగా పోతే వాళ్ల దగ్గరికి త్వరగా చేరతాయి. మా లెక్క చూసి కల్వర్టు తెరిపిస్తే సంబరపడ్డాం, ఆ తర్వాతి వానకి బస్తీలోంచి నలుగురు ఆడవాళ్లు వచ్చి "మీ నీళ్లన్నీ మా ఇళ్లల్లోకి పంపి మీరు హాయిగా ఉన్నారా అన్నా" అని అడిగారు. జవాబు లేదు. లెక్క వేసేటప్పుడు మా గోడ దగ్గరే ఆగిపోయాం, నీళ్లు ఆగవు కదా. కాబట్టి మీరు మొదటి రోజే దిగువ వాళ్లని పిలవండి. అందరి దగ్గరా కంప్యూటర్ ఉండదు, పట్టికని పెద్ద అక్షరాల్లో తెలుగులో, ఉర్దూలో ప్రింట్ తీసి రేషన్ షాపు గోడకి అంటించండి. ఇప్పుడు రెండో ఎర్రగీతల వరస బస్తీ కమ్యూనిటీ హాలు గోడ మీద ఉంది. రీడింగు అక్కడి కిరాణా కొట్టు అక్క పంపిస్తుంది, ఆమెకి గీతల నంబర్లతో పాటు ఏ ఇంట్లో పసిపిల్లలున్నారో కూడా తెలుసు. ఈసారి మా పేజీలో రెండు పట్టికలున్నాయి, కోరిక మాత్రం ఒకటే, బస్తీ కింద నాలా వెడల్పు. ఎస్టిమేట్ వేస్తున్నామన్నారు. సోమవారం మళ్లీ వెళ్తున్నాం, ఈసారి అక్క కూడా వస్తోంది.