పాటలో సంపాదించే డబ్బుకు లెక్క రాయండి

పాట మొదట్లో పాలు పోసే హీరో, పాట అయ్యేసరికి కారు దిగుతాడు. మధ్యలో గడిచిన పదేళ్లు, కట్టిన వడ్డీలు మనకు కనపడవు. సీరియల్లో అయితే వంటింట్లో కూడా పట్టుచీరలే. ఆ ఇంట్లో ఎవరు ఏ పని చేసి తెస్తున్నారో చూపించరు. రోజూ అదే చూస్తుంటే, పెళ్లంటే అట్లే చెయ్యాలని మనసులో నాటుకుపోతుంది.

చిత్తూరులో మా అక్కవాళ్లింట్లో నిరుడు పాప పెళ్లికి సంగీత్ కావాలన్నారు. దానికీ మంటపానికీ కలిపి 5 లక్షలు అప్పు తెస్తామన్నారు. పాల లెక్క పుస్తకం వెనక అట్టమీద రాసి చూపించినాను: 14 శాతం వడ్డీ, 5 ఏళ్లు అంటే నెలకు సుమారు 11,634 రూపాయలు, మొత్తం 7 లక్షలకు కాస్త తక్కువ. అక్క ఆ అంకె మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. సంగీత్ మానేసినారు.

మీరూ టీవీ పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మనసు పడిన నగో, మంటపమో తెరమీద కనపడగానే దాని ధర, అది మనకు ఎన్ని నెలల జీతమో రాయండి. నగకైతే తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ కూడా కలపండి. తిరుపతి గాంధీరోడ్డుకు నగల బేరానికి పోయేటప్పుడు ఆ పుస్తకం సంచిలో వేసుకోండి. లెక్క మాత్రం పిల్లల చేతనే రాయించండి.