ఎక్స్‌టెన్షనా, ఫ్రీ ఏజెన్సీనా: లెక్క ఇలా వేసుకోండి

గుంటూరు చుట్టుపక్కల మిర్చి వేసే వాళ్లకి ఈ టెన్షన్ కొత్తేమీ కాదు. టిక్కీలు యార్డుకి తోలి ఇవాళ్టి రేటుకే అమ్మేయాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు పెరిగేదాకా ఆగాలా? ఎక్స్‌టెన్షన్ (ఉన్న కాంట్రాక్ట్ ముగియకముందే అదే టీమ్ ఇచ్చే పొడిగింపు) చేతికొచ్చిన ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఆటగాడిదీ ఇదే పరిస్థితి: ఇప్పుడే సంతకం పెట్టాలా, కాంట్రాక్ట్ ముగిసేదాకా ఆగి ఏ టీమ్‌తోనైనా బేరమాడుకునే ఫ్రీ ఏజెన్సీకి పోవాలా? కాకపోతే స్టోరేజీలో మిర్చికి మహా అయితే రంగు తగ్గుతుంది, ఆటగాడికి మోకాలు పోతుంది.

ముందు మొత్తం అంకె చూసి ఒక అభిప్రాయానికి రావడం మానేయండి. 2024లో జేలెన్ బ్రన్సన్ తన టీమ్ న్యూయార్క్ నిక్స్‌తో నాలుగేళ్లకి 156.5 మిలియన్ డాలర్ల ఎక్స్‌టెన్షన్ చేసుకున్నప్పుడు, ఒక్క ఏడాది ఆగితే ఐదేళ్లకి 269 మిలియన్లు వచ్చేవి కదా, 113 మిలియన్లు నీళ్లలో పోశాడని మా బావ తెల్లారగట్ల గేమ్ చూస్తూ ఒకటే గొడవ. పాలవాడి లెక్కలు రాసే కాగితం వెనక్కి తిప్పి కూర్చున్నాం.

ఎక్స్‌టెన్షన్ లెక్క తేలికే. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన 2023 ఒప్పందం ప్రకారం మొదటి ఏడాది జీతం పాత జీతానికి 140 శాతం దాకా పోవచ్చు, ఆపైన ఏటా ఆ మొదటి జీతం మీద 8 శాతం పెరుగుదల. బ్రన్సన్‌కి అప్పుడు దాదాపు 25 మిలియన్లు, అంటే మొదటి ఏడాది 35. నాలుగేళ్లకి దాన్ని 4.48తో (1 + 1.08 + 1.16 + 1.24) గుణించండి, 156 చిల్లర వస్తుంది.

ఆగితే ఎంతో చూడాలంటే శాలరీ క్యాప్ (ఒక టీమ్ ఏడాది జీతాలకి లీగ్ పెట్టే పరిమితి) పట్టుకోవాలి. లీగ్‌లో 6 ఏళ్లలోపు అనుభవమైతే మాక్స్ (ఒక ఆటగాడికి మొదటి ఏడాది ఇవ్వగలిగే గరిష్ఠ జీతం) క్యాప్‌లో 25 శాతం, 7 నుంచి 9 ఏళ్లకి 30, పదేళ్లు నిండితే 35. 2025-26 క్యాప్ 154.6 మిలియన్లు, బ్రన్సన్ 30 శాతం వాటా 46.4. సొంత టీమ్ అదే 8 శాతం పెరుగుదలతో ఐదేళ్లు ఇవ్వగలదు కాబట్టి 5.8తో గుణిస్తే ఆ 269 తేలింది. వేరే టీమ్‌కి పోతే నాలుగేళ్లే, పెరుగుదలా 5 శాతమే, 200 కూడా దాటదు. ఇది చాలామంది మర్చిపోతారు.

ఇప్పుడు అసలు పని: రెండు వైపులా ఒకే సంవత్సరాలు పెట్టి పోల్చండి. నాలుగేళ్లనీ ఐదేళ్లనీ పక్కపక్కన పెడితే తేడా ఎక్కువ కనపడక ఏం చేస్తుంది! బ్రన్సన్ నాలుగో ఏడాది ప్లేయర్ ఆప్షన్ (ఆ ఏడాది ఉండాలా పోవాలా అన్నది ఆటగాడి ఇష్టం), 2028లో బయటికి రావచ్చు, అప్పటికి పదేళ్ల అనుభవం, 35 శాతానికి అర్హత. అప్పటిదాకా మూడేళ్లకి చూస్తే ఎక్స్‌టెన్షన్‌లో 113 మిలియన్లు, ఆగి ఉంటే 150. అంటే వదిలేసింది 37. తక్కువేం కాదు, కానీ ఆగే ఏడాదిలో గాయమైతే అన్న భయం పోయింది, టీమ్‌కి కూడా వేరే వాళ్లని తెచ్చుకునే వీలు దొరికింది. బావ కాసేపు మాట్లాడలేదు, ఆ తర్వాత మళ్లీ మొదలెట్టాడనుకోండి.

తర్వాత, ఆ వేసవిలో కొనేవాళ్ల దగ్గర డబ్బుందా అని చూడండి. నా ఉద్దేశంలో అందరూ తప్పు చేసేది ఇక్కడే. డెనిస్ ష్రోడర్ 2021లో తన టీమ్ లేకర్స్ ఇస్తామన్న 80 మిలియన్ల పైచిలుకు కాదన్నాడని వార్తలొచ్చాయి, చివరికి బోస్టన్‌లో ఒక్క ఏడాది కాంట్రాక్ట్‌తో 5.9 మిలియన్లకి ఆడాడు. యార్డులో సరుకు ఎంత బాగున్నా వ్యాపారి రాకపోతే రేటెక్కడిది?

అలాగని ఆగడం ఎప్పుడూ తప్పు కాదు. జిమ్మీ బట్లర్ 2014లో తన టీమ్ బుల్స్ ఇచ్చిన ఎక్స్‌టెన్షన్ ఆఫర్ పక్కన పెట్టి ఆ సీజన్‌లో దుమ్ము దులిపాడు, 2015లో అదే టీమ్ ఐదేళ్లకి 90 మిలియన్ల పైన ఇచ్చింది. వయసు తక్కువ, ఒంట్లో పాత గాయాల్లేవు, ఆట ఏటా పెరుగుతోంది అనుకుంటే ఆగొచ్చు. అయితే రూకీ కాంట్రాక్ట్ (లీగ్‌లోకి కొత్తగా వచ్చినవాడి మొదటి కాంట్రాక్ట్) ముగిశాక వచ్చేది సాధారణంగా రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెన్సీయే, అంటే బయటి ఆఫర్‌ని పాత టీమ్ మ్యాచ్ చేసి ఆపేసుకోవచ్చు, అందుకే మిగతా టీమ్‌లు అంత ఉత్సాహంగా ముందుకు రావు.

ముప్పై దాటినవాడైతే నేను ఇంత లెక్క కూడా వేయను, వచ్చిన రేటుకి ఇచ్చేయమంటాను. కుర్రాడు సంతకం పెట్టే పక్షమైతే మాత్రం ఇంకో మిలియన్ కోసం బేరమాడే బదులు చివరి ఏడాదికి ప్లేయర్ ఆప్షన్ అడగాలి.