రష్యా చక్రవర్తులకు ఇచ్చే ఉప్పు-రొట్టె పళ్ళెం: చెక్కతో చేసుకోవడం ఎలా?

జార్ చక్రవర్తి ఊరికి వస్తున్నాడంటే ఊరి పెద్దలు ఎదురెళ్ళి పెద్ద గుండ్రటి రొట్టె, దాని మీద చిన్న ఉప్పు గిన్నె పెట్టి అందించేవాళ్ళు. అతిథికి ఉప్పు-రొట్టెతో స్వాగతం చెప్పడం రష్యాలో మామూలు ఇళ్ళల్లోనూ ఉన్న ఆచారమే. వచ్చింది చక్రవర్తి అయితే మాత్రం పళ్ళెం కూడా ప్రత్యేకంగా చేయించేవాళ్ళు. డబ్బున్న నగరాలు, వర్తక సంఘాలు వెండిలో చేయిస్తే, రైతులు ఎక్కువగా చెక్కలో చెక్కించేవాళ్ళు. 1883లో మూడో అలెగ్జాండర్ పట్టాభిషేకానికి, 1896లో రెండో నికోలస్ పట్టాభిషేకానికి, 1913లో రొమానోవ్ వంశం 300 ఏళ్ళ ఉత్సవాలకు ఇలాంటివి చాలా వచ్చాయి. రొట్టెతో పాటు పళ్ళెం కూడా కానుకే. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని వింటర్ ప్యాలెస్ హాళ్ళలో వీటిని గోడలకు తగిలించి ఉంచేవాళ్ళు.

అంటే ఈ పళ్ళేనికి రెండు పనులు. ముందు రొట్టె మోయాలి, తర్వాత గోడకెక్కాలి. కింద చెప్పే కొలతలు, జాగ్రత్తలు చాలావరకు ఈ రెండింటి వల్ల వచ్చినవే.

1. చెక్క

అక్కడి కళాకారులకు ఇష్టమైనది లిండెన్ చెట్టు చెక్క. మెత్తగా ఉంటుంది, ఉలికి ఎటు తిప్పినా లొంగుతుంది. మనకు దొరికేవాటిలో గుమ్మడి టేకు ఈ పనికి బాగా సరిపోతుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి బొమ్మలకు మంచిదే గానీ, సన్నటి అక్షరాల అంచులు నిలబడాలంటే మరీ మెత్తన. టింబర్ డిపోలో బాగా ఆరిన పలక అడగండి. పచ్చి చెక్క అయితే చెక్కడం సులువే, కానీ ఆరేకొద్దీ వంకర తిరుగుతుంది.

36 సెం.మీ. వెడల్పు, 3 నుంచి 4 సెం.మీ. మందం ఉంటే చాలు. గుండ్రంగా కోయించి, మధ్య భాగాన్ని లేత్ మీద 1.5 సెం.మీ. లోతు తీయించండి. ఆ పని చేత్తో చేస్తానని పట్టుబట్టకండి, ఓపిక మొత్తం అక్కడే అయిపోతుంది. అంచు 6 సెం.మీ. వెడల్పు వదలమని మాత్రం గట్టిగా చెప్పండి.

2. డిజైన్

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నడిమధ్యన పెద్ద బొమ్మ వేస్తారు, రొట్టె పెట్టగానే అది కనబడదు. పాత పళ్ళేల్లో మధ్యలో నగర చిహ్నమో, చక్రవర్తి పేరులోని పొడి అక్షరాలో ఉండేవి. అవి తర్వాత గోడ మీద చూసుకోవడానికి. ఇస్తున్నప్పుడు చదవాల్సినది, అంటే ఎవరు ఇచ్చారు, ఏ సంవత్సరం అన్నది, అంచు చుట్టూ ఉండేది. మీరు పెళ్ళికో గృహప్రవేశానికో చేస్తున్నా ఇదే పద్ధతి పాటించండి.

అంచు మధ్యలో కంపాసుతో ఒక గీత గీస్తే దాని వ్యాసం 30 సెం.మీ. వస్తుంది, చుట్టుకొలత సుమారు 94 సెం.మీ. వాక్యంలో 30 అక్షరాలుంటే ఒక్కోదానికి దాదాపు 3 సెం.మీ. రష్యన్ పనివాళ్ళు పాత స్లావిక్ పద్ధతిలో అక్షరాలను పొడుగ్గా సాగదీసి, ఒకదాన్ని ఒకటి ఆనించి ఇరికించేవాళ్ళు. అందుకే పొడవాటి వాక్యాలు కూడా పట్టేవి. తెలుగులో రాస్తే చిక్కు వేరే. మనకు పైన గుడులు, కింద వత్తులు. వాటికి చోటు వదలకపోతే వత్తులు రొట్టె కిందికి పోతాయి. కాబట్టి అసలు అక్షరం ఎత్తు 2 సెం.మీ. దాటనివ్వకండి, వత్తులు తక్కువున్న మాటలు ఎంచుకోండి.

వాక్యం మొదలయ్యే చోటు గోడకు తగిలించినప్పుడు పైకి రావాలి. ఆ చోట వెనకవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, డిజైన్ మొత్తాన్ని కార్బన్ పేపర్‌తో చెక్క మీదికి దించండి.

3. చెక్కడం

మాస్కోకు ఉత్తరాన ఉన్న అబ్రమ్‌త్సెవోలో 1880ల్లో చిత్రకారిణి ఎలెనా పొలెనోవా చెక్కపని వర్క్‌షాప్ నడిపింది. అక్కడ నేర్చుకున్న వసీలీ వొర్నోస్కోవ్ పక్కనే ఉన్న కుద్రినోలో తనదైన శైలి తయారుచేశాడు. ఆకులు, కొమ్మలు, పక్షులు, అన్నీ ఎత్తు తక్కువగా, అంచులు గుండ్రంగా ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇంతకంటే అనువైనది లేదు.

పళ్ళేన్ని క్లాంప్‌తో బల్లకు బిగించండి. ఏటవాలు మొన ఉన్న కత్తితో గీత వెంబడి నిటారుగా 2 మి.మీ. లోతు గాటు పెట్టండి. తర్వాత బయటివైపు నుంచి ఏటవాలుగా ఆ గాటు దాకా కోస్తే సన్నటి పొర లేచి వస్తుంది. ఈ గాటు లేకుండా ఉలి తోస్తే చెక్క నార వెంట చీలి అక్షరం సగం ఊడిపోతుంది. చుట్టూ తిరిగే డిజైన్ కదా, నార దిశ ప్రతి పావు వంతుకీ మారుతుంది. ఉలి పట్టేసినట్టు అనిపిస్తే బలం పెంచకండి, ఎదురు వైపు నుంచి కోయండి. రెండు చేతులూ ఎప్పుడూ పదును వెనకే ఉండాలి.

గోరు ఉలితో ఆకుల అంచులు గుండ్రం చేశాక నేపథ్యం మిగులుతుంది. దాన్ని నునుపు చేయాలని తంటాలు పడొద్దు. మేకు మొనను మొద్దుగా ఆకురాయితో అరగదీసి, సుత్తితో దగ్గర దగ్గరగా చుక్కలు కొట్టండి. ఉలి గాట్లు కనబడకుండా పోతాయి, డిజైన్ కూడా పైకి తేలినట్టు కనిపిస్తుంది.

4. కొక్కెం, మెరుపు

వెనకవైపు పెన్సిల్ గుర్తు దగ్గర చిన్న రింగు బిగించండి. స్క్రూ పొడవు అంచు మందం కంటే బాగా తక్కువ ఉండాలి, లేకపోతే ముందువైపు అక్షరంలోంచి బయటికి రావచ్చు.

రంగు కావాలంటే వాల్‌నట్ స్టెయిన్ పల్చగా పూసి, ఎత్తు భాగాలను మాత్రం గుడ్డతో తుడిచేయండి. రొట్టె ఆనే మధ్య భాగానికి స్టెయిన్ వద్దు. అక్కడ తినే రకం అవిసె నూనె రెండు మూడు పూతలు, పైన తేనెమైనం చాలు. హార్డ్‌వేర్ షాపులో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్‌లో త్వరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు, తిండి తగిలేచోట అది వాడొద్దు. మామూలు అవిసె నూనె పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది, తొందరపడకండి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరుబయట పరిచి, పూర్తిగా ఎండి గట్టిపడ్డాకే చెత్తలో వేయండి.