నెమ్ అంటే సులువా, కాదా? డానిష్, హంగేరియన్ కలిసిపోకుండా నేర్చుకునే పద్ధతి

హంగేరీలోని దెబ్రెత్సెన్‌లో చదువు ముగించి కోపెన్‌హాగెన్‌కు వచ్చే మన పిల్లలకు నేను ముందుగా చెప్పేది ‘నెమ్’ గురించే. రెండు భాషల్లోనూ అవే మూడు అక్షరాలు (nem). డానిష్‌లో ‘సులువు’, హంగేరియన్‌లో ‘కాదు’. ఆ భాషలకు చుట్టరికం లేదు, పోలిక కాకతాళీయం. అందుకే ఒంటి మాటగా బట్టీ పట్టకండి, పక్క మాటతో కలిపి నేర్చుకోండి.

బోర్డు మీద నెమ్ కనిపిస్తే ముందు చుట్టూ ఉన్న అక్షరాలు చూడండి. ఓ మీద అడ్డగీత, ఏ మీద చిన్న సున్నా ఉంటే డానిష్. ఓ, యూ మీద రెండేసి ఏటవాలు గీతలుంటే హంగేరియన్. డెన్మార్క్‌లో పన్ను రీఫండ్ పడే ఖాతా పేరు ‘నెమ్‌కాంటో’, అంటే సులువైన ఖాతా. హంగేరీలో కుళాయి మీద ‘నెమ్ ఇవోవీజ్’ అని ఉంటే అది తాగే నీళ్లు కాదు. ఇదొక్కటి మాత్రం కచ్చితంగా గుర్తుంచుకోండి.

డానిష్ నెమ్ విశేషణం కాబట్టి రూపం మారుతుంది: నెమ్ట్, నెమ్మె. పలికేటప్పుడు చివర గొంతు కాస్త నొక్కి వదలాలి. హంగేరియన్‌లో ‘కాదు’ అనే నెమ్ మారదు, సాధారణంగా క్రియకు ముందు వస్తుంది: నెమ్ ఏర్తెమ్ (అర్థం కావడం లేదు), నెమ్ తుదొమ్ (తెలియదు), నెమ్ కేరెక్ (నాకు వద్దు). కొట్లో సంచి కావాలా అని అడిగితే చివరిది చాలు. ‘నెమ్ నెహేజ్’ అంటే కష్టం కాదు అని. అంటే తిరిగి డానిష్ నెమ్ అర్థమే!

ఇక్కడ తెలుగువాళ్లకు నిజంగా ఒక మేలుంది. ‘కాదు’, ‘లేదు’ తేడా మనకు పుట్టుకతో వచ్చింది, హంగేరియన్‌లోనూ అదే ఉంది. ‘నెమ్ ఒర్వొష్’ అంటే డాక్టర్ కాదు. ‘నించ్ ఒర్వొష్’ అంటే డాక్టర్ లేరు. ఇంగ్లిష్ మీదుగా వెళ్తే రెంటికీ ఒకటే ‘నాట్’ తడుతుంది, తికమక మొదలవుతుంది. తెలుగులోంచి నేరుగా వెళ్లండి. రోజూ ఇంట్లో కనిపించినవాటి మీద ఒక్కో వాక్యం అనుకోండి: పాలు లేవు, నించ్, ఇది పాలు కాదు, నెమ్.

ఇంకోటి. హంగేరియన్ ఫారమ్‌లో ‘నెమె’ అని గడి ఉంటే అది ‘కాదు’ కాదు, లింగం. ఫేర్ఫి అంటే పురుషుడు, నొ అంటే స్త్రీ, సరైనదానికి టిక్ పెట్టండి.