కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ దీవికి పడవెక్కే ముందు జాగ్రత్తలు

– కాకినాడలో బయలుదేరే ముందే పడవ వాళ్లను పోటు (సముద్రపు నీరు పెరగడం), పాటు (తగ్గడం) వేళలు అడగండి. నీరు తీసేస్తే కోరంగి మడ అడవుల పాయల్లో పడవ బురదలో చిక్కుకుంటుంది. తిరుగు ప్రయాణం ఎప్పుడో కూడా అప్పుడే ఖాయం చేసుకోండి.

– పిల్లల సైజు లైఫ్ జాకెట్ లేకపోతే ఆ పడవ వద్దు. ఎంత బతిమాలినా సరే.

– మంచినీళ్లు, టోపీ.

– చేప కొనేటప్పుడు మొప్పలు ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కళ్లు తేటగా ఉండాలి. పీతలైతే కదులుతున్నవే తీసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధం, కాబట్టి అప్పుడు 'తాజా సముద్రపు చేప' అంటే ఎక్కడిదో కనుక్కోండి. పులస చేప కావాలంటే మాత్రం గోదావరికి ఎర్రనీరు, అంటే వరద నీరు, వచ్చేదాకా ఆగాల్సిందే.

– రొయ్యలు పడనివాళ్లు వంటవాళ్లకు ముందే చెప్పాలి.

– జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డున గుడ్లు పెడతాయి. పిల్లల్ని ఇసుక తవ్వనివ్వకండి.