డాల్ పటం గీద్దాం – 4వ పాఠం: ఓటు హక్కు వేరు, పోలింగ్ శాతం వేరు

పోయినసారి 1970 నాటి సోవియట్ యూనియన్‌నీ స్విట్జర్లాండ్‌నీ, ఒక దేశంలో ప్రజాస్వామ్యం ఎంతుందో చూపే డాల్ పటంలో చెరో చుక్కగా పెట్టమన్నాను. చాలామంది ఒకే చోట తడబడ్డారు. అందుకే ఈసారి కొత్త పాఠం ఆపి, దీన్నే సరిచేసుకుందాం.

అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ డాల్ 1971లో ‘పాలియార్కీ’ పుస్తకంలో గీసినవి రెండే గీతలు. నిలువుగీత పోటీది: ప్రభుత్వాన్ని బాహాటంగా ఎదిరించి, దాన్ని దించడానికి పోటీపడే వీలు ఎంత? అడ్డగీత భాగస్వామ్యానిది: ఆ పోటీలో ఓటుతో పాల్గొనే హక్కు ఎంతమందికి ఉంది?

‘సోవియట్‌లో 99 శాతం పోలింగ్ జరిగింది, అందుకే అడ్డగీత చివర పెట్టాం’ అని రాశారు. చుక్క సరైన చోటే పడింది, చెప్పిన కారణమే తప్పు. పద్దెనిమిది నిండిన ఆడా మగా అందరికీ చట్టంలో ఓటు ఉంది కాబట్టి అది అక్కడ ఉంటుంది. రేపు సగం మంది ఇంట్లో కూర్చున్నా చుక్క కదలదు. సగం మంది ఓటు చట్టమే తీసేస్తే కదులుతుంది. స్విట్జర్లాండ్ చుక్క ఎడమకు జరిగింది మగవాళ్లు బద్ధకించి కాదు, దేశస్థాయి ఎన్నికల్లో ఆడవాళ్లకు ఓటు లేక. 1971 ఫిబ్రవరి 7న ఆ మగవాళ్లే ఓటేసి హక్కు ఇచ్చారు, చుక్క కుడికి జరిగింది.

మరి ఆ 99 శాతం దేనికి పనికొస్తుంది? నిలువుగీతకు. సోవియట్ బ్యాలెట్ మీద ఒకే పేరు ఉండేది. ఒప్పుకుంటే కాగితాన్ని అలాగే పెట్టెలో వేసేయొచ్చు. వద్దంటే పేరు కొట్టేయాలి, అందుకు తెర చాటుకు వెళ్లాలి. వెళ్లడమే అందరి కంటా పడుతుంది. అందుకే ఆ 99 శాతం చూపేది పోటీ లేకపోవడాన్నే. నేనైతే ఏ దేశం ఇచ్చినా ముందు బ్యాలెట్ మీద ఎన్ని పేర్లున్నాయో చూస్తాను.

కొందరు రెండు గీతల మార్కులు కూడి సగటు తీశారు. దయచేసి వద్దు. సగటులో ఈ రెండు దేశాలూ పక్కపక్కకు వచ్చేస్తాయి. ఒకచోట ప్రతిపక్షం కావాలి, ఇంకోచోట ఆడవాళ్లకు ఓటు కావాలి అన్న తేడా మాయమైపోతుంది.

అభ్యాసం: ఒకే పటంలో బ్రిటన్‌కు ఆరు చుక్కలు పెట్టండి: 1831, 1833, 1868, 1885, 1919, 1929. ప్రతి చుక్క పక్కనా కొత్తగా లోపలికి వచ్చిందెవరో రాయండి. 1919 దగ్గర కాస్త ఆగండి. మగవాళ్లకు 21 ఏళ్లకే ఓటు, ఆడవాళ్లకు 30 నిండాలి, పైగా ఆస్తి షరతు. చుక్కను ఎంత జరిపారో, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పండి.