రాత్రి రైల్లో ఫోన్: పక్క బెర్తువాళ్ళ నిద్ర చెడకుండా

రాత్రి పది దాటాక బోగీలో స్పీకర్ పెట్టి పాటలు వినకూడదు, గట్టిగా ఫోన్ మాట్లాడకూడదు. ఇది రైల్వే పెట్టిన నిబంధనే. అయినా రాత్రి బళ్ళలో నిద్ర చెడగొట్టే మోతల్లో చాలావరకు ఎవరూ కావాలని చేసేవి కావు. ఫోన్ సైలెంట్‌లో పెట్టేశాం కదా, ఇంక ఫరవాలేదు అనుకుంటారు. తేడా అక్కడే వస్తుంది.

సైలెంట్ మోడ్ ఆపేది రింగునీ, మెసేజీల చప్పుడునీ. వీడియోల సౌండు వేరు, అలారం సౌండు వేరు. అర్ధరాత్రి వాట్సాప్ వీడియో మీద పొరపాటున వేలు పడితే సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో వాల్యూమ్ బటన్ నొక్కి, తెర మీద కనిపించే మూడు చుక్కలు నొక్కండి. రింగు, మీడియా, అలారం విడివిడిగా వస్తాయి. మీడియాని సున్నాకి దించండి. అయితే ఇయర్‌ఫోన్లు తీసేశాకే దించాలి. స్పీకర్‌కి ఒక లెవెల్, ఇయర్‌ఫోన్లకి ఒక లెవెల్ ఫోన్ వేర్వేరుగా గుర్తుపెట్టుకుంటుంది. స్పీకర్ సున్నాలో ఉంటే, సినిమా మధ్యలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ చార్జింగ్ అయిపోయినా డైలాగులు బోగీ అంతా వినపడవు. ఎక్కగానే ఈ ఒక్క పని చేసుకుంటే సగం ఇబ్బంది తీరినట్టే.

తెల్లవారుజామున దిగేవాళ్ళు అలారానికి టోన్ తీసేసి వైబ్రేషన్ మాత్రం ఉంచి, ఫోన్ దిండు కింద కాకుండా చొక్కా జేబులో పెట్టుకోవాలి. దిండు కింద పెడితే నిద్రలో పక్కకి జారిపోతుంది. పడుకునే ముందు బండి ఎంత ఆలస్యంగా నడుస్తోందో చూసి అలారం సరిచేసుకోండి. లేకపోతే గంట ముందే మోగుతుంది, స్నూజ్ నొక్కిన ప్రతిసారీ మళ్ళీ మోగుతుంది. కాల్స్, మెసేజీల చప్పుడు ఆపే ‘డూ నాట్ డిస్టర్బ్’ పెట్టుకునేవాళ్ళు ఇంట్లోవాళ్ళ నంబర్లకి మినహాయింపు ఇవ్వండి. వెంటవెంటనే రెండోసారి చేసినవాళ్ళ కాల్ వచ్చేలా కూడా అందులోనే పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో దానికి గడువు 15 నిమిషాలు, ఐఫోన్‌లో 3 నిమిషాలు.

ఇక మాట్లాడటం. బండి మోతలో మన గొంతు మనకే సరిగా వినపడదు కాబట్టి తెలియకుండానే అరుస్తాం. నిజానికి అవతలివాళ్ళకి వినపడనిది చాలాసార్లు సిగ్నల్ లేక. స్టేషన్ దాటి పొలాల్లోకి వెళ్ళాక టవర్ అందకపోతే ఎంత అరిచినా లాభం లేదు. ‘సిగ్నల్ లేదు, మెసేజ్ పెడతాను’ అని పెట్టేయండి. తప్పనిసరి కాల్ అయితే బోగీ చివర వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి, మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని మామూలు గొంతుతో మాట్లాడండి. తెరిచిన తలుపు దగ్గర మాత్రం నిలబడొద్దు. బండి నెమ్మదించినప్పుడు పట్టాల పక్క నుంచి కర్రతో చేతిమీద కొట్టి ఫోన్లు లాక్కునే దొంగలున్నారు. కార్డు నంబరు, ఓటీపీ లాంటివి ఎక్కడా పైకి చదవకండి. వీడియో కాల్‌లో కెమెరా ఎదుటి బెర్తు మీద పడుకున్నవాళ్ళ వైపు ఉండకూడదు. వీపు గోడకి ఆనించి కూర్చుంటే వాళ్ళు తెర మీదకి రారు. అయినా ఇది పగటికి వాయిదా వేయడం మేలు.

చెప్పులు వెతకడానికి టార్చి వేయక్కర్లేదు, స్క్రీన్ వెలుతురు నేల వైపు తిప్పితే చాలు. చాలా బళ్ళలో రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు ప్లగ్గులకి కరెంటు ఆపేస్తారు కాబట్టి చార్జింగ్ ముందే పెట్టుకోండి. వైరు నడిచే దారికి అడ్డంగా వేలాడకూడదు.

ఎదుటివాళ్ళు మోత పెడుతుంటే మొదట మెల్లగా అడగండి. ‘బాబాయ్ గారూ, పాప పడుకుందండీ, కాస్త సౌండు తగ్గిస్తారా?’ అంటే చాలామంది వెంటనే తగ్గిస్తారు. పెద్దవాళ్ళు ప్రవచనం స్పీకర్‌లో వింటున్నారంటే చాలాసార్లు ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం తెలియకే. అడిగి, పెట్టి ఇవ్వండి. అప్పటికీ వినకపోతే టీటీఈకి చెప్పండి. ఆయన కనబడకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139 ఉంది, ఫిర్యాదులకి రైల్ మదద్ యాప్ ఉంది. పీఎన్ఆర్, కోచ్, బెర్తు నంబర్లు దగ్గర పెట్టుకుని యాప్‌లో రాయడమే మంచిది. ఆ వేళ 139కి ఫోన్ చేసి వివరాలు చెప్పబోతే పడుకున్నవాళ్ళు ఇంకో నలుగురు లేస్తారు.